బుగ్గల పెట్టె ఎట్లా కాలింది

నాకు అక్షరాలు యాభై దాటాక వచ్చాయి. ఇంతకు ముందు రాయలేకపోవడానికి అదొక్కటే కారణమైతే ఈ సంగతి ఎప్పుడో రాసి ఉండేదాన్ని. రాయడం వచ్చిన కొత్తలో ఒకసారి మొదలుపెట్టాను కూడా. "మా గుడిలో గిటారు పెట్టెను నేను పాడుచేశాను" అని మొదటి వాక్యం రాసి, అక్షరాలు గుండ్రంగా వచ్చాయో లేదో చూసుకొని, అక్కడే ఆపేశాను. చెయ్యి ఎందుకు ముందుకు సాగలేదో అప్పుడు తెలియలేదు. ఆ వాక్యం అబద్ధం. దాన్ని నేను నిజమని నమ్ముతూ బతికాను. నమ్మించింది మా తమ్ముడు.

మాది ఖానాపూర్ దగ్గర పల్లె. అవ్వ, బాపు కూలికి పోతే తమ్ముణ్ణి చంకన వేసుకొని ఇల్లు చూసుకోవడం నా పని. బడి మా ఇంటికి దగ్గరే ఉండేది. పిల్లలు ఎక్కాలు చదువుతుంటే గోడ ఇవతల వీణ్ణి ఆడిస్తూ నేనూ చదివేదాన్ని. ఎక్కాలు వచ్చాయి కానీ అక్షరాలు రాలేదు. వీడు బడికి పోయే వయసు వచ్చేసరికి నాకు పెండ్లి సంబంధాలు చూస్తున్నారు. మా ఆయనకు మందమర్రిలో బొగ్గుబాయి పని. కాలనీలో క్వార్టర్ ఇచ్చారు. పదో తరగతి అయ్యాక తమ్ముడు మా దగ్గరికే వచ్చి, మా వంటింట్లోనే పడుకొని, కరెంటు పని నేర్చుకున్నాడు. తరువాత వాడికి కూడా బాయి వర్క్‌షాపులో ఉద్యోగం వచ్చింది. గిటారు మటుకు గుడిలో నేర్చుకున్నాడు. మా చర్చిని మేం గుడి అనే అంటాం.

ఆ గుడిలో పాత పెట్టె ఒకటి ఉండేది. ఎప్పటి మిషన్ వాళ్ళు వదిలిపెట్టి పోయారో ఎవరికీ తెలియదు. గిటారు వైరు దానికి పెడితే శబ్దం పెద్దదై స్పీకరులో వస్తుంది. ఆ పెట్టె వెనుక జాలీలోంచి చూస్తే లోపల బల్బుల్లాంటి గాజు బుగ్గలు వరసగా ఉంటాయి. అందుకని దాన్ని అందరూ బుగ్గల పెట్టె అనేవారు. స్పీకరు వేరే డబ్బాలో ఉండేది. రెంటికీ మధ్య ఒక లావు వైరు.

ఆ పెట్టె చూసుకునే పని తమ్ముడు నాకు నేర్పాడు. వాడికి షిఫ్టులు. ఆదివారం కూడా ఒక్కోసారి డ్యూటీ నుంచి నేరుగా గుడికే వచ్చేవాడు. పెట్టె ముందే వేడెక్కి ఉండాలి. అందుకు ఒక మనిషి కావాలి. నేను గుడి ఊడ్చేదాన్ని కాబట్టి నాకే చెప్పాడు.

"గిటు చూడక్కా. ఎర్ర టేపు అంటిచ్చిన స్విచ్చి మొదలు. గది ఏస్తే బుగ్గలు వెచ్చగైతయ్. ఎంబడే రెండోది ఎయ్యద్దు. పొయ్యిమీద నీళ్ళు పెట్టి కాగకముందే బియ్యం పోస్తవా?"

"పొయ్య."

"గట్లనే. రెండో గంట కొట్టినంక తెల్ల టేపుది ఎయ్యి."

ఎర్ర టేపు, తెల్ల టేపు. వాడు నాకు నేర్పిన మొదటి చదువు అది. మొదటి గంటకు ఎర్రది వేసి పక్కన నిలబడేదాన్ని. బుగ్గల అడుగున పొయ్యిలో చివరి బొగ్గులా నారింజరంగు వెలుగు మెల్లగా వచ్చేది. రెండో గంటకు తెల్లది వేసేదాన్ని. ఆరాధన అయ్యాక రెండూ ఆపి, పెట్టె చల్లారేదాకా ఎవ్వరినీ కదపనిచ్చేదాన్ని కాదు. వేడిమీద కదిపితే బుగ్గల లోపలి సన్న తీగెలు తెగుతాయి.

మా ఊళ్ళో దానికి ఇంకో గండం ఉండేది. ఓపెన్‌కాస్టు గనిలో మధ్యాహ్నం బ్లాస్టింగ్ జరిగితే కాలనీలో గిన్నెలు గణగణలాడతాయి. ఆ అదురుకు బుగ్గలు తమ కుదుళ్ళలోంచి కొంచెం కొంచెం పైకి లేచేవి. శనివారం చల్లగా ఉన్నప్పుడు వెనుక జాలీ తీసి, ఎండుబట్టతో పట్టుకొని ఒక్కొక్కటి కిందికి నొక్కేదాన్ని. సందుల్లో చేరిన బొగ్గుదుమ్మును పెయింటు బ్రష్షుతో తీసేదాన్ని. బుగ్గ నెత్తిమీద వెండిరంగు మరక ఒకటి ఉంటుంది. అది తెల్లబారితే లోపలికి గాలి పోయినట్టు, ఆ బుగ్గ ఇక పనికిరాదు. అట్లాంటిది కనిపిస్తే తమ్ముడికి చెప్పేదాన్ని. వాడు కొత్తది తెచ్చి మార్చేవాడు. "మా అక్క డాక్టరు" అని గుడిలో పాటలు పాడే క్వయర్ పిల్లలతో అనేవాడు. నాకు ఆ మాట ఇష్టంగా ఉండేది. గుడిలో చదువురాని ఆడవాళ్ళం చాలామందిమి ఉన్నాం. ఊడ్చడం, కడగడం, పెండ్లిళ్ళకు వండడం మా వంతు. ఆ పెట్టె దగ్గర మాత్రం క్వయర్ వాళ్ళందరూ నా మాట కోసం ఆగేవారు.

ఒక సంస్కారపు ఆదివారం. అంటే రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే ఆదివారం. ముందురోజు సాయంత్రం ఆడవాళ్ళమంతా కలిసి గుడి కడిగాం. పెట్టె ఉన్న మూల మాత్రం నేను ఎప్పటిలాగే నీళ్ళు తగలనివ్వకుండా ఎండుబట్టతో తుడిచాను. పొద్దున మొదటి గంటకు ఎర్ర స్విచ్చి వేశాను. రెండో గంటకు తెల్లది. తమ్ముడు వచ్చి గిటారు తగిలించుకున్నాడు. తీగె మీటాడు. శబ్దం రాలేదు. శబ్దం పెంచే గుండీ తిప్పాడు. రాలేదు. ఇంకా తిప్పి, గట్టిగా మీటాడు. జనం కూర్చొని ఉన్నారు, పాస్టరు అయ్యగారు బైబిలు పట్టుకొని నిలబడి ఉన్నారు. వాడు గుండీ చివరిదాకా తిప్పి తీగెలన్నీ కలిపి కొట్టాడు.

అప్పుడు నేను విన్నాను. స్పీకరులోంచి కాదు. పెట్టె లోపలినుంచి. సీసాలో పడ్డ తుమ్మెదలాగా, వాడు వాయిస్తున్నదే సన్నగా వినబడుతోంది.

"పెట్టెల పాడుతుందిరా" అన్నాను.

వాడు నన్ను చూడలేదు. ఇంకోసారి కొట్టాడు. లోపల టప్‌మని ఒక దెబ్బ. కాలిన వాసన, ఆ వెనుకే పొగ. నేను గోడ దగ్గరికి ఉరికి కరెంటు ప్లగ్గు పీకేశాను. తిరిగి చూసేసరికి తమ్ముడు పెట్టె వెనుకకు వంగి ఉన్నాడు. వాడక్కడ ఏం చేస్తున్నాడో ఆ తొందరలో ఆలోచించలేదు.

ఆరాధన గిటారు లేకుండానే అయింది. తరువాత సంఘ పెద్దలు పెట్టె చుట్టూ చేరారు. వాళ్ళలో అందరికన్నా పెద్దాయన నన్ను అడిగాడు.

"నిన్న గుడి కడిగిండ్రు గదా. పెట్టె మీద నీళ్ళు వడ్డయా?"

"లేదయ్యా. గా మూలకు నీళ్ళు పోనియ్యలే. ఎండుబట్టతోని తుడిసిన."

అందరూ తమ్ముడి వైపు చూశారు. కరెంటు పని తెలిసినవాడు కదా. వాడు నేలకేసి చూస్తూ, "నీళ్ళు తాకినట్టే ఉన్నది" అన్నాడు.

అంతే అన్నాడు. ఎవరి పేరూ చెప్పలేదు. చెప్పే అవసరం కూడా లేదు.

నేను కాదన్నాను. మళ్ళీ కాదన్నాను. పెట్టె పాడయినందుకు కాదు, గుడిలో నిలబడి అబద్ధమాడుతున్నానని పెద్దలకు కోపం వచ్చింది. మా సంఘంలో ఒక పద్ధతి ఉంది. సంఘం సొత్తు పాడుచేసి కాదన్నవాళ్ళు ఒప్పుకొనేదాకా రొట్టె, రసం ఇచ్చే ప్రభువు బల్ల దగ్గరికి రాకూడదు. సంస్కారపు ఆదివారం ఆడవాళ్ళు వరస వరసగా లేచి బల్ల ముందు మోకరిస్తారు. నా వరస లేచినప్పుడు నేను చాప మీద ఒక్కదాన్నే కూర్చున్నాను. నా పక్కన కూర్చునేవాళ్ళు నన్ను దాటుకుంటూ, చీర కుచ్చిళ్ళు తగలకుండా ఎత్తి పట్టుకొని పోయారు. తిరిగి వచ్చేటప్పుడు కూడా అట్లాగే. కొన్ని నెలలు అట్లా గడిచాయి. మా ఆయన నన్ను తప్పుపట్టలేదు, కానీ నాకు తోడుగా బల్లకు పోకుండా ఆగేవాడు కూడా కాదు.

తమ్ముడే ఒకనాడు ఇంటికొచ్చి నచ్చజెప్పాడు.

"ఒప్పుకో అక్కా. ఒక్క మాట. అయిపోతది. ఎన్ని దినాలు గిట్ల కూసుంటవ్?"

"నేను చెయ్యంది ఎట్ల ఒప్పుకుంటరా?"

"నీకు తెల్వకుండ పడ్డయేమో నీళ్ళు. తెల్వకుండ చేసినా తప్పే గదా. దేవునికి తెలుసు నువ్వు కావాల్నని చెయ్యలేవని."

చంకన వేసుకొని పెంచిన పిల్లవాడు. వాడు నా మంచికే చెబుతాడనుకున్నాను. తరువాత వచ్చిన సంస్కారపు ఆదివారం నేను బల్ల ముందు నిలబడి, "నా వల్లనే పెట్టె పాడయింది, నేను అబద్ధం చెప్పిన, క్షమించుండ్రి" అన్నాను. ఆ పాటికే సంఘం కొత్త పెట్టె కొన్నది. నేను ఒప్పుకుంటుంటే వెనుక తమ్ముడు ఆ కొత్త పెట్టెతో గిటారు మెత్తగా వాయిస్తున్నాడు. ఎవరైనా లేచి తమ బతుకు సంగతి సంఘం ముందు సాక్ష్యంగా చెప్పేటప్పుడు అట్లా వాయించడం వాడి పని. చాలా బాగా వాయిస్తున్నాడని అనుకున్నట్టు కూడా నాకు గుర్తుంది.

ఒప్పుకున్నాక మెల్లగా నమ్మడం మొదలుపెట్టాను. బకెట్ ఎక్కడ పెట్టానో, బట్ట తడిగా ఉందేమోనని ఎన్నోసార్లు గుర్తుచేసుకునేదాన్ని. చివరికి తడి బట్టే నా చేతిలో ఉన్నట్టు నాకు కనబడసాగింది.

కొత్త పెట్టెలో బుగ్గలు లేవు. దాన్ని ట్రాన్సిస్టర్ పెట్టె అనేవారు. స్కూటరు మీద ముందు పెట్టుకొని తీసుకుపోవచ్చు. స్విచ్చి వేయగానే పలుకుతుంది. వేడెక్కే పని లేదు, చల్లారే పని లేదు. బ్లాస్టింగ్ జరిగినా, దుమ్ము పడినా దానికి పట్టింపు లేదు. ఎవరు వేసినా ఒకటే. మంచి పెట్టే. నేను దాన్ని తిట్టుకోలేదు. కాకపోతే మొదటి గంటకు నాకు చేసేందుకు ఏమీ లేకుండా పోయింది. చాలా ఏళ్ళ తరువాత ఆ వేళలోనే అప్పటి అయ్యగారి భార్య (మేం అమ్మగారు అనేవాళ్ళం) చదువురాని ఆడవాళ్ళకు అక్షరాలు చెప్పడం మొదలుపెట్టారు. పాటల పుస్తకంతో మొదలుపెట్టాను. పాటలు ముందే నోటికి వచ్చు కాబట్టి ఏ అక్షరం ఎక్కడుందో వెతుక్కుంటూ నేర్చుకున్నాను. ఈ లోపల మా ఆయన రిటైరై, ఆ తరువాత ఊపిరితిత్తుల జబ్బుతో పోయాడు. అయ్యగార్లు బదిలీ అయి పోతుంటారు. ఆ అయ్యగారు, అమ్మగారు కూడా పోయారు. వేరే అయ్యగారు వచ్చారు.

ట్రాన్సిస్టర్ పెట్టె ఎన్నో ఏళ్ళు నోరెత్తకుండా పనిచేసింది. పోయిన క్రిస్మస్‌కు పాటలు పాడుతూ వీధులు తిరుగుతుంటే ఒక్కసారిగా మూగబోయింది. తమ్ముడు దాన్ని కరీంనగర్ తీసుకుపోయాడు. పాత బుగ్గల పెట్టె స్టోరు గదిలో చాపల కింద పడి ఉంటే, అదీ బండిలో వేసుకున్నాడు. తిరిగి వచ్చి మా ఇంట్లో కూర్చొని చెప్పాడు.

"కొత్తది ఖతం అక్కా. లోపల అంత ఒకటే పలక. కాలితే అంత కాలినట్టే. గా సామాను ఇప్పుడు దొరకదట. పాతదాంట్ల ట్రాన్స్‌ఫార్మర్ ఒకటే పోయింది. తీగె మళ్ళ చుట్టిచ్చిన. బుగ్గలు మంచిగనే ఉన్నయ్. నువ్వు నొక్కి పెట్టినయే."

"నీళ్ళు వడితే ట్రాన్స్‌ఫార్మర్ పోతదా?" అని అడిగాను. నిజంగా తెలుసుకోవాలనే అడిగాను.

"పోతది" అన్నాడు వాడు. చాయ్ తాగి వెళ్ళిపోయాడు.

ఆ తరువాత కొన్ని వారాలకు కరీంనగర్‌లో అన్ని ఊళ్ళ క్వయర్ వాళ్ళకు ఒకరోజు నేర్పించే కూటం పెట్టారు. జైనూర్ నుంచి, ఖానాపూర్ నుంచి కూడా వచ్చారు. పెట్టెలు ఎట్లా చూసుకోవాలో చెప్పమని తమ్ముణ్ణి పిలిచారు. మా సంఘం నుంచి ఆడవాళ్ళం వంటకు పోయాం. వంటగదికీ హాలుకూ మధ్య కిటికీ ఉంది. నేను ఉల్లిగడ్డ కోస్తూ ఆ కిటికీ కింద కూర్చున్నాను. వాడు మాట్లాడితే వినడం నాకు ఎప్పుడూ ఇష్టమే.

వాడి ముందు రెండు పెట్టెలు పెట్టారు. ఒకటి బాగుచేయించిన మా బుగ్గల పెట్టె, ఇంకొకటి ఎవరిదో ట్రాన్సిస్టర్ పెట్టె. జైనూర్ నుంచి వచ్చిన పెద్దమనిషి అడిగాడు.

"మా దిక్కు కరెంటు వస్తది, పోతది. మాకు గీ రెండిట్ల ఏది మంచిదే?"

"మీకు డప్పు మంచిది కాకా" అన్నాడు తమ్ముడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. "నిజంగ అడిగితే ట్రాన్సిస్టర్దే కొనుండ్రి. చూసుకునే మనిషి ఉంటేనే బుగ్గలది. బుగ్గలు అరుగుతయ్, మార్చాలె. అదురుకు లేస్తయ్, నొక్కాలె. కని ఏది పోతే గదొక్కటే మారుస్తం, పెట్టె మల్ల లేస్తది. ట్రాన్సిస్టర్ది ఏం అడగది. పోయిననాడు మటుకు చెప్పకుండ పోతది."

"సప్పుడు ఏదాంట్ల మంచిగుంటది?"

"బుగ్గలదాంట్ల. గది మీ చెవులే చెప్తయ్. ఇగో, ఇంకొకటి ఇనుండ్రి, గిది జర యాదికి పెట్టుకోండ్రి. ట్రాన్సిస్టర్దానికి స్పీకర్ వైరు ఊడినా ఏం గాదు. సప్పుడు రాదు, అంతే. బుగ్గలదానికి స్పీకర్ లేకుండ వాయిస్తే పానం పోతది. ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతది. ఎట్ల తెలుస్తదంటే, పెట్టె లోపల్నే సన్నగ పాడుతది. తుమ్మెద లెక్క. గట్ల ఇనవడ్డదంటే ఎంబడే బంద్ చెయ్యాలె. వాల్యూం పెంచద్దు."

నా చేతిలో కత్తి ఆగిపోయింది.

"నువ్వెట్ల కనిపెట్టినవన్నా?" అని ఎవరో అడిగారు.

"కాల్చినంకనే తెలిసింది" అని వాడు నవ్వాడు. "ఒక గుడిల. ముందురోజు రాత్రి స్పీకర్ తీసుకపోయి, తెల్లారకముందే తెచ్చి పెట్టి, వైరు పెట్టుడు మర్సిన. సప్పుడు రాకుంటే ఇంక పెంచిన. పొగ లేసినంక ఎన్క వంగి వైరు పెట్టిన, ఎవలు చూడలే."

హాలంతా నవ్వింది. మంచి సంగతి చెప్పాడన్నట్టు ఎవరో చప్పట్లు కొట్టారు. నా పక్కన మిరపకాయలు తుంచుతున్న వేరే ఊరి ఆమె, "మీ తమ్ముడు మంచిగ మాట్లాడుతడే" అంది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక వాడు చాయ్ కోసం వంటగది వెనుకకు వచ్చాడు. నేను గంజులు తోముతున్నాను.

"గా దినం స్పీకర్ యాడికి పోయింది?" అన్నాను.

వాడికి వెంటనే అర్థమైంది. కిటికీ వైపు చూశాడు. గ్లాసు పట్టుకొని నా పక్కన గోడకానుకొని కూర్చున్నాడు.

"పెండ్లికి" అన్నాడు. "మా దోస్తు బ్యాండోళ్ళకు స్పీకర్ లేకుండె. సీన్మ పాటలు. గుడి స్పీకర్ తోని సీన్మ పాటలు వాయిచ్చిన్నంటే పెద్దలు ఉండనిస్తరా? క్వయర్ల నుంచి తీసేస్తుండ్రి నన్ను."

"నన్ను బల్ల నుంచి తీసిండ్రు."

"ఎప్పటి ముచ్చట అక్కా. అయిపోయింది గదా."

"నాకు ఇయ్యాల్నే అయింది."

వాడు గ్లాసు కింద పెట్టాడు. "ఏం చెయ్యమంటవ్ చెప్పు" అన్నాడు.

"నేను నిలవడ్డ జాగల నువ్వు నిలవడి చెప్పు. గదే మంది ముందర. ఇంకేం వద్దు."

"చెప్త. వచ్చే ఆదివారం సాక్ష్యంల చెప్త. ఒట్టు."

తిరుగు ప్రయాణంలో బస్సులో వాడు నాకు కిటికీ పక్కన సీటు పట్టి ఉంచాడు. ఆ వారమంతా వాడు ఏదో ఒక పని మీద ఇంటికి వస్తూనే ఉన్నాడు. నా మిక్సీ బాగుచేశాడు. ఫ్యాను దుమ్ము దులిపాడు. మేకమాంసం పంపించాడు. వాడు సిగ్గుపడుతున్నాడని, చెప్పడానికి తయారవుతున్నాడని అనుకొని నాకు జాలి కూడా వేసింది. ఆదివారం గుడిలో వాడి భార్య పక్కన నేను కూర్చోవాలని కూడా అనుకున్నాను, వాడు చెప్పేటప్పుడు ఆమె కుంగిపోకుండా.

ఆదివారం వచ్చింది. బుగ్గల పెట్టెను మళ్ళీ గుడిలో పెట్టే మొదటి రోజు అది. "నువ్వే ఎయ్యాలె అక్కా" అని వాడు నన్ను పిలిచాడు. టేపులు కొత్తవి అంటించాడు. ఎర్రది వేయబోయే ముందు స్పీకరు వైరును పెట్టె నుంచి డబ్బా దాకా చేత్తో పట్టుకొని చూశాను. గట్టిగానే ఉంది. వాడు చూసీ చూడనట్టు గిటారు శృతి చేసుకున్నాడు.

సాక్ష్యాల సమయంలో వాడు లేచాడు. ఇప్పుడు వాడు కూడా సంఘ పెద్దల్లో ఒకడు. తెల్లచొక్కా వేసుకున్నాడు. నేను రెండు చేతులూ ఒడిలో పెట్టుకొని, తల ఎత్తి కూర్చున్నాను.

"దేవునికి వందనం" అని మొదలుపెట్టాడు. "సచ్చిపోయిందనుకున్న పెట్టెను దేవుడు మల్ల లేపిండు. తెల్వక చేసిన తప్పులు అందరికి ఉంటయ్. దేవుడు వాటిని యాదికి పెట్టుకోడు. గా దినం ఏదైతే జరిగిందో, గదంత దేవుడు తుడిసేసిండు. ఇయ్యాల మల్ల మా అక్కనే స్విచ్చి ఏసింది. గంతకంటె క్షమాపణ ఏముంటది?"

జనం ఆమేన్ అన్నారు. వాడు కూర్చున్నాడు. కూర్చుంటూ నా వైపు చూసి తల ఊపాడు, మాట నిలబెట్టుకున్నవాడిలా. నా వెనుక కూర్చున్న ముసలామె, ఆనాడు చీర ఎత్తిపట్టుకొని నన్ను దాటినవాళ్ళలో ఒకామె, నా వీపు మీద చెయ్యి వేసి ప్రేమగా అంది.

"చూసినవా బిడ్డా. దేవుడు నీ తప్పు మర్సిపోయిండు."

ఆమె తప్పేమీ లేదు. ఆమెకు తెలిసింది అదే.

బయట చెప్పుల దగ్గర వాణ్ణి పట్టుకున్నాను.

"గదేనా నువ్వు చెప్పుడు?"

"చెప్పిన గదక్కా. తెల్వక చేసిన తప్పని చెప్పిన. అర్థం చేసుకునేటోళ్ళు చేసుకుంటరు."

"ఎవలకర్థమైంది? నేనే చేసిన్నని ఇంకోసారి చెప్పినవ్ నువ్వు."

"మెల్లగ మాట్లాడు." వాడు చుట్టూ చూశాడు. "అక్కా, నేను కమిటీల ఉన్న. బిడ్డ సంబంధాల ముచ్చట నడుస్తుంది. గిప్పుడు లేసి నేను స్పీకర్ దొంగతనంగ తీసుకపోయిన్నంటే ఎట్లుంటది? నీకేం పోయింది చెప్పు. నిన్నెవలన్న ఏమన్న అంటున్నరా? అందరు మంచిగనే చూస్తుండ్రు గద."

అందరూ మంచిగానే చూస్తున్నారు. అది నిజం. తప్పు చేసి ఒప్పుకున్న మనిషిని ఎట్లా చూడాలో అట్లా చూస్తున్నారు. వాడికది సరిపోతుంది. నాకూ సరిపోవాలని వాడి ఉద్దేశం. పెట్టె కాలిన రోజు వాడు భయపడ్డాడనుకుంటే అర్థం చేసుకోగలను. వయసు చిన్నది, పెద్దలు చుట్టూ ఉన్నారు. నా ఇంటికొచ్చి ఒప్పుకొమ్మని నచ్చజెప్పిన రోజు భయం లేదు. నీళ్ళు పడితే ట్రాన్స్‌ఫార్మర్ పోతదా అని అడిగితే నా చాయ్ తాగుతూ పోతది అన్న రోజు ఏ భయమూ లేదు. ఆ రోజు మా ఇంట్లో మేం ఇద్దరమే ఉన్నాం.

ఇంటికి వచ్చి అన్నం వండుకున్నాను, తిన్నాను. పొరుగింటామె మాట్లాడితే మాట్లాడాను. వాడు అబద్ధమాడిన సంగతి కంటే నా సంగతి ఎక్కువగా గుచ్చుకుంటోంది. బల్ల ముందు నిలబడి, దేవుని ఎదుట, నేను చెయ్యని పని చేశానన్నాను. మళ్ళీ రొట్టె అందుకోవడానికి అన్నాను. ఆ రొట్టె ఇన్నేళ్ళూ ఆ మాట మీదే తింటున్నాను. వాడు చెప్తాడేమోనని ఇంకో ఆదివారం, ఇంకో ఆదివారం ఎదురుచూడవచ్చు. నా నోటితో అన్న మాటకు వాడి నోరు ఎందుకు అనిపించింది.

తెల్లవారి సోమవారం పొద్దున్నే తలస్నానం చేసి, ముందు తమ్ముడి క్వార్టర్‌కు పోయాను. వాడు డ్యూటీకి తయారవుతూ వాకిట్లో బూట్లు తొడుక్కుంటున్నాడు. వాడి భార్య తలుపు దగ్గర టిఫిన్ డబ్బా పట్టుకొని నిలబడి ఉంది. ఆమెను లోపలికి పొమ్మని నేను అనలేదు.

"అయ్యగారి దగ్గరికి పోతున్న" అన్నాను. "ఏం జరిగిందో చెప్త. నీకు తెల్వకుండ నీ ఎన్క చెప్పద్దని వచ్చిన."

వాడు బూటు లేసు కడుతున్న చెయ్యి ఆపలేదు. "నేను కాదంటే?" అన్నాడు, తల ఎత్తకుండా.

"అను. నేను కాదన్నప్పుడు ఎవలు నమ్మలే. నిన్ను నమ్ముతరు. నమ్మనీ."

"అక్కా, జర ఆగు. కూసో. మాట్లాడుకుందాం."

వాడి భార్య మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, "ఏందొదినా, ఏమైంది?" అంది. వాణ్ణి అడుగు అన్నాను. కూర్చోలేదు.

అయ్యగారు గుడి ఆవరణలో పైపు పట్టుకొని చెట్లకు నీళ్ళు పెడుతున్నారు. మా ఊరికి వచ్చి ఎక్కువ కాలం కాలేదు. పాత సంగతులేవీ ఆయనకు తెలియవు. నన్ను చూసి పైపు కింద పడేసి, "చెప్పమ్మా, ఇంత పొద్దున్నే వచ్చారు" అన్నారు. నేను చెప్పులు విడిచి ఆయన ముందు నిలబడి, దారి పొడవునా అనుకుంటూ వచ్చిన మాట చెప్పాను.

"అయ్యగారూ, మీరు రాకముందు గీ గుడిల బల్ల ముందర నేనొక అబద్ధం ఒప్పుకున్న. దాన్ని వాపసు తీసుకుంట. ఆదివారం నాకు సాక్ష్యానికి టైం ఇయ్యుండ్రి."